లేబర్ రూమ్‌లో స్కానింగ్ ఎలా నేర్చుకోవాలి?

పర్లాకిమిడి దగ్గర గైనిక్ డ్యూటీ చేస్తున్నానని, లేబర్ రూమ్‌కి చిన్న స్కానింగ్ మిషన్ వచ్చిందని, రెండు రోజుల వర్క్‌షాప్ సరిపోతుందా అని అడిగారు. సరిపోదు. అక్కడ ప్రోబ్ (ఒంటికి ఆనించే స్కానింగ్ పరికరం) పట్టుకోవడం వస్తుంది, అంతే. గుణుపురం వైపు జూనియర్లకు ఇదే నేర్పుతుంటాను కాబట్టి చెబుతున్నా.

బిడ్డ తల ఎటుంది, గుండె కొట్టుకుంటోందా, మాయ ఎక్కడుంది అన్నవి మీరు పీజీలోనే చూసుంటారు. నేను తల్లి ఛాతీతో మొదలుపెట్టిస్తాను. బీపీ ఎక్కువై, ఆయాసంతో అర్ధరాత్రి 108లో వచ్చే మనిషికి ఎక్స్‌రే తీసేవాళ్లు ఉండరు. పెద్దాసుపత్రులు, బరంపురం ఎంకేసీజీ అయినా, వైజాగ్ కేజీహెచ్ అయినా గంటల ప్రయాణం. పొట్టకి వాడే ప్రోబ్‌నే పక్కటెముకల మధ్య పెట్టండి. పైనుంచి స్క్రీన్ అడుగుదాకా దిగే తెల్లటి నిలువు గీతలు ఒక్కో సందులో మూడో, అంతకంటే ఎక్కువో ఉండి, రెండు వైపులా చాలాచోట్ల అలాగే కనిపిస్తే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందని అనుమానించాలి. తీవ్రమైన ప్రీఎక్లాంప్సియాలో (గర్భంతో బీపీ పెరిగే జబ్బు) మామూలుగానే సెలైన్ గంటకు 80 ఎంఎల్ దాటనివ్వం, ఇది చూశాక ఇంకా బిగించాలి. న్యుమోనియాలోనూ ఈ గీతలు వస్తాయి, కాబట్టి జ్వరం, దగ్గు అడగకుండా స్క్రీన్‌నే నమ్మొద్దు.

తర్వాత పొట్టలో రక్తం. కుడివైపు కాలేయానికీ కిడ్నీకీ మధ్య నల్లటి పట్టీ కనిపించి, యూరిన్ ప్రెగ్నెన్సీ టెస్ట్ పాజిటివ్‌గా ఉండి, బీపీ పడిపోతుంటే ట్యూబులో గర్భం పగిలిందనే అనుకుని థియేటర్‌కి కబురు పెట్టండి. అబ్రప్షన్ (కాన్పుకి ముందే మాయ ఊడిపోవడం) సంగతి వేరు. స్కాన్‌లో రక్తపు గడ్డ కనిపించలేదంటే అది లేదని కాదు, చాలా కేసుల్లో కనిపించదు. కొత్తవాళ్లు ఎక్కువగా బోల్తా పడేది ఇక్కడే.

చెయ్యి తిరగాలంటే ముందు ఓపీలో ఆరోగ్యంగా ఉన్న తల్లుల్ని చూడండి. ప్రతి స్కాన్ వీడియో దాచి, వారానికోసారి రేడియాలజిస్టుకి చూపించండి. ఆయన విసుక్కున్నా సరే.

చట్టం మర్చిపోవద్దు. ఊపిరితిత్తులకే వాడతామన్నా మిషన్ పీసీపీఎన్‌డీటీ (పుట్టకముందు లింగ నిర్ధారణని ఆపే చట్టం) కింద రిజిస్టర్ అయి ఉండాలి, గర్భిణికి స్కాన్ చేస్తే ఆ చట్టం అడిగే వివరాల పత్రం, ఫారం ఎఫ్ నింపాలి. పీజీ లేని ఎంబీబీఎస్ డాక్టర్లకు 2014 రూల్స్ ప్రకారం ఆరు నెలల ట్రైనింగ్ ఉంది. కొన్ని దేశాల్లోలా మన నర్సుల చేతికి ప్రోబ్ ఇవ్వడం కుదరదు.

వర్క్‌షాప్‌కి వెళ్లండి, కాకపోతే ప్రాక్టీసు పేషంట్ల మీదా, బొమ్మల మీదా అన్నది అడిగాకే ఫీజు కట్టండి.