రెండు ఉయ్యాలలు: ఒక యువ రచయితకు లేఖ

చిరంజీవికి,

ఆశీస్సులు. మహాదర్శకుల చిత్రాలలో నీకు ఇష్టమైనవాటి గురించి నీవు పంపిన వ్యాసాన్ని రెండుసార్లు చదివాను. పదిమంది దర్శకులు, పది చిత్రాలు, వాటికి వచ్చిన బహుమతులు, విడుదలైన సంవత్సరాలు అన్నీ ఉన్నాయి, తప్పులేవీ కనబడలేదు. అయితే ఆ పదింటిలో నీకు ప్రాణంతో సమానమైనది ఏదో మాత్రం నాకు తెలియలేదు. శీర్షికలో ‘ఇష్టమైన’ అన్న మాట పెట్టిన తరువాత పాఠకుడు ఆ ఇష్టాన్ని చూడడానికే వస్తాడు.

సత్యజిత్ రాయ్ చిత్రాలలో నీవు ‘పథేర్ పాంచాలి’ని ఎంచుకున్నావు. ఎంచుకోదగినదే. కానీ రైలును చూడాలని రెల్లుగడ్డిలోంచి పరుగెత్తిన ఆ పిల్లలిద్దరూ నీ వ్యాసంలో ఎక్కడా లేరు. నా మనసు మాత్రం 1964లో వచ్చిన ‘చారులత’ దగ్గరే ఉంటుంది. తన చిత్రాలన్నిటిలో లోపాలు తక్కువగా ఉన్నది అదేననీ, మళ్లీ తీయవలసి వచ్చినా అలాగే తీస్తాననీ రాయ్ చెప్పేవారు. నాకు ఆ సంగతి తెలిసేనాటికి సినిమా నాలో ఎప్పుడో స్థిరపడిపోయింది.

రవీంద్రుని నవలిక ‘నష్టనీడ్’ ఆధారంగా తీసిన ఆ చిత్రంలో కథ జరిగేది 1879 నాటి కలకత్తాలో. చారులత భర్త భూపతికి తన పత్రికే లోకం. చారు చేతిపిడి ఉన్న చిన్న దుర్భిణి పట్టుకొని, కిటికీ నుంచి కిటికీకి నడుస్తూ, తలుపు రెక్కల సందుల్లోంచి వీధిని చూస్తుంది. అంతలో భూపతి పుస్తకం చదువుకుంటూ ఆమె పక్కనుంచే వెళతాడు, ఆమె అక్కడ ఉన్నట్టే గమనించడు. ఆమె అదే దుర్భిణి ఎత్తి, దూరమవుతున్న భర్తను చూస్తుంది. వీధిలో పోయే పరాయివాడూ కట్టుకున్నవాడూ ఒకే దూరంలో ఉన్నారని ఆ ఒక్క చూపు చెబుతుంది. ‘ఒంటరితనాన్ని అద్భుతంగా చిత్రించారు’ అని నీవు రాస్తే పాఠకుడికి అందేది నీ మెప్పు మాత్రమే. ఆ దుర్భిణిని చూపిస్తే ఒంటరితనమే అందుతుంది.

తరువాత తోటలో ఉయ్యాల వస్తుంది. కెమెరా చారుతోపాటే ఊగుతుంది గనుక ఆమె ముఖం నిలకడగా ఉండి, వెనుక చెట్లు కదులుతుంటాయి. గడ్డిమీద భూపతికి తమ్ముడి వరసైన అమల్ ఏదో రాసుకుంటూ ఉంటాడు. ఆమె దుర్భిణిలోంచి పక్కింటి కిటికీలో బిడ్డను ఎత్తుకున్న తల్లిని చూసి, ఆ తరువాత అమల్ వైపు తిప్పుతుంది. ఆమె మనసులో ఏం మొదలైందో ఆమెకే అప్పుడు తెలుస్తుంది. ఒక్క మాటైనా ఉండదు. ఇక ఆమె తానే రాయడానికి కూర్చున్నప్పుడు మొదటి ప్రయత్నాలను చించేసి, చివరకు తన పల్లెటూరి జ్ఞాపకాలు రాస్తుంది. ఆ ఘట్టాన్ని నీవు మరొక్కసారి చూడాలని నా కోరిక.

మరొక ఉయ్యాల జపాన్ దర్శకుడు కురొసావా 1952లో తీసిన ‘ఇకిరు’లో ఉంది. మరణం దగ్గరపడిన నగరపాలక ఉద్యోగి వతనబే, మురుగునీటి గుంటను పూడ్పించి తాను కట్టించిన పిల్లల పార్కులో, మంచు కురిసే రాత్రి ఊగుతూ పాట పాడుకుంటాడు. ఆ పాటనే అంతకుముందు అతడు దుఃఖంతో పాడగా విన్నాం. ఈ రెండు ఉయ్యాలలూ పక్కపక్కన పెట్టుకుంటే చాలు, ఒక వ్యాసానికి సరిపడినంత ఆలోచన దొరుకుతుంది.

నీ వయసులో నేనూ ‘చారులత’పై ఒక వ్యాసం రాశాను. అందులో సగం ఇతరుల అభిప్రాయాలే. ఉయ్యాల ప్రస్తావన ఒక్క వాక్యం. ఆ సినిమా చూసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదన్న నిజాన్ని, విమర్శకు తగదనుకొని కొట్టివేశాను. ఆ కొట్టివేత ఇప్పటికీ బాధిస్తుంది.

నీ వ్యాసం ఏడో పేజీలో, జపాన్ దర్శకుడు ఓజు తీసిన ‘టోక్యో స్టోరీ’ గురించి రాస్తూ, ఆతామి సముద్రతీరంలో గోడమీద నుంచి లేవబోయి తూలిన ఆ వృద్ధ తల్లిని చూసినప్పుడు మీ అమ్మమ్మ గుర్తుకు వచ్చిందన్నావు. వెంటనే బెదిరినట్టు మరో దర్శకుడి దగ్గరికి వెళ్లిపోయావు. మిగిలిన తొమ్మిది చిత్రాలనూ ప్రస్తుతానికి పక్కన పెట్టు. ఆ వాక్యంతో మొదలుపెట్టి, ఆమె ఎలా తూలిందో, మీ అమ్మమ్మ ఏ గడప దగ్గర ఏం పట్టుకొని నిలబడేదో రాసి పంపు. ఎదురుచూస్తుంటాను.