టేబుల్ దగ్గర తెలుగు మాట్లాడకు

బుజ్జీ,

గోవాలో పంజిమ్ కాసినోలో డీలర్, అదే టేబుల్ దగ్గర ఆట ఆడించే పని, ట్రైనింగ్‌కి సెలెక్టయ్యావని నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. సగం ఏడుపు, సగం తిట్లు. తిట్లన్నీ నాకే. "నీ మేనకోడలేగా, నీ బుద్ధులే వచ్చాయి" అంది. అక్క ముందు సరే సరే అన్నాను గానీ, ఫోన్ పెట్టేశాక నవ్వొచ్చింది. నా ప్రాక్టీసు చిప్స్‌ని, ఆటలో డబ్బుకి బదులు పెట్టే బిళ్ళల్ని, ఇరవయ్యేసి చొప్పున దొంతర్లు పేర్చి, పడిపోతే ఏడ్చేదానివి. ఇప్పుడు దానికి జీతమిస్తారట.

విజయవాడలో అమరావతి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మడ్గావ్‌లో దిగొచ్చు. రూమ్ పంజిమ్‌లోనే చూసుకో, అద్దె ఎక్కువైనా సరే. పగలు నిద్ర పట్టాలంటే కిటికీకి ముదురు దుప్పటి కట్టు. మిగతావి నువ్వే కనుక్కుంటావు.

పడవ సంగతి మాత్రం చెప్పాలి. ఓడల్లో ఈ ఆటలకి గోవా చట్టంలో 1996లో వీలు కల్పించారు, అందుకే ఆ కాసినోలు మాండవి నదిలో లంగరేసి ఉంటాయి. డ్యూటీకి లాంచీలో వెళ్ళాలి. వానాకాలంలో జెట్టీ మెట్లు జారతాయి. నీకు ఈత రాదు. గోదావరి జిల్లాలో పుట్టిన పిల్లకి ఈత నేర్పించలేదని బావ మీద నాకిప్పటికీ కోపమే. ఎవరు నవ్వినా సరే, లైఫ్ జాకెట్ వేసుకో.

ఇక అసలు సంగతి. టేబుల్ దగ్గర తెలుగు మాట్లాడకు. ఆట నడుస్తుంటే ఇంగ్లీషే మాట్లాడాలని మాకు రూలుండేది. ఏదో దర్జా కోసం పెట్టారనుకునేవాణ్ణి.

నాతో ఒక కుర్రాడు చేసేవాడు, నంద్యాల వైపు వాడు. పని చాలా శుభ్రం. ఒక సంక్రాంతి వెళ్ళాక, మన వైపు పెద్దమనిషి ఒకాయన వచ్చి వాడి రూలెట్ టేబుల్ దగ్గర కూర్చున్నాడు. వేలికి పగడపు ఉంగరం, ఫోన్ కవర్ వెనక వెంకన్న బొమ్మ. బ్యాడ్జీ మీద పేరు చూసి, "మనోడివేరా తమ్ముడూ" అన్నాడు. వీడు పొంగిపోయి "మీదే ఊరన్నా" అన్నాడు. అంతే. అర్ధరాత్రి దాటేసరికి ఆయన కూతురి పెళ్ళి, అమ్మేసిన అరెకరం, అన్నీ వీడికి తెలిసిపోయాయి. తెలిశాక చేతులు మునుపటిలా ఆడతాయా?

రూలెట్ చక్రంలో బంతి ఇంకా తిరుగుతుండగానే టేబుల్ మీద చెయ్యి అడ్డంగా ఆడించి "నో మోర్ బెట్స్" అనాలి. ఆ తర్వాత పెట్టింది చెల్లదు. ఆ రాత్రి బంతి 17లో పడిపోయింది. అప్పుడు ఆయన మోచేతి చాటున సెకండ్ డజన్ మీదకి, అంటే 13 నుంచి 24 దాకా అంకెల పందెం మీదకి, ఒక దొంతర జరిపాడు. పక్క టేబుల్ నుంచి నేను చూశాను. వాడూ చూశాడు. కాసేపు ఆ దొంతర వైపే చూస్తూ నిలబడి, ఒకటికి రెండు కట్టేశాడు.

సూపర్‌వైజర్ అటు తిరిగి ఉన్నాడు. నెత్తిమీద కెమెరా ఎటూ తిరగదు కదా. బ్రేక్‌కి వెళ్ళినవాడు మళ్ళీ టేబుల్‌కి రాలేదు. ఆ పెద్దమనిషి గెలిచిందంతా లోనా-బయటా పేకాట టేబుల్ మీద పోగొట్టుకుని, బఫేలో దోసె తింటూ "మా తమ్ముడేడీ?" అని నన్నడిగాడు. "సారీ సర్" అని వచ్చేశాను. తెల్లారి లాంచీలో వాడు బ్యాగు ఒళ్ళో పెట్టుకుని, "వచ్చే నెలే పెళ్ళంట అన్నా" అని ఒకటే మాట. తిడదామనుకున్నవాణ్ణి తిట్టలేకపోయాను.

చక్రం మీద 37 గళ్ళు. ఒక అంకె మీద పెట్టి గెలిస్తే ఇచ్చేది 35 రెట్లు. ఓడ దీపాలు, బఫే, నీ జీతం అన్నీ ఆ తేడాలోంచే వస్తాయి. మన బరుల దగ్గర గుండాట ఆడించేవాడికీ తెలిసిన లెక్కే, కాకపోతే ఇక్కడ టై కట్టుకుని ఆడిస్తాం. ఎవరి అరెకరమూ నువ్వు కాపాడలేవు.

గోవా వాళ్ళని 2020 నుంచి ఆడటానికి రానివ్వడం లేదు. నీ ఎదురుగా కూర్చునేవాళ్ళంతా బయటివాళ్ళే, మనవాళ్ళకి కొదవుండదు. చెల్లీ, అమ్మా అని వరసలు కలుపుతారు. టిప్ ఇస్తే థాంక్యూ చెప్పి బాక్సులో వెయ్యి. నంబరడిగితే నవ్వి ఊరుకో. బ్రేక్ రూమ్‌లో మావాళ్ళు కొందరు ఫోన్లో రమ్మీ ఆడేవాళ్ళు, రాత్రంతా జనం ఓడిపోవడం కళ్ళారా చూసి కూడా! అలాంటివాళ్ళ పక్కన కూర్చోకు. అప్పసలే ఇవ్వకు.

2020 మార్చిలో కరోనాకి మూసిన కాసినోలు నవంబరు దాకా తెరవలేదు. ఆ నెలల్లో నా అద్దె మీ అమ్మే కట్టింది. బావకి తెలియదు, చెప్పకు. అందుకే ఆరు నెలల ఖర్చు బ్యాంకులో పడేదాకా కొత్త ఫోన్ జోలికి పోకు.

అమ్మకి మధ్యాహ్నం నిద్ర లేచాక ఫోన్ చెయ్యి. తెల్లవారుజామున ఫోన్ మోగితే హడలిపోతుంది. నాకైతే ఏ వేళైనా పర్లేదు. నైట్ డ్యూటీ మానేసి ఇన్నేళ్ళయినా నా నిద్ర ఇంకా దారికి రాలేదు.

మీ మామయ్య