పాత 14500, 16340, 26650 సెల్స్‌కి ఎలాంటి టార్చ్ కొనాలి?

పాత సామానులో రెండు 14500, నాలుగు 16340, ఒక 26650 లిథియం అయాన్ సెల్ దొరికాయని, వీటికి సరిపోయే టార్చ్ ఏదని అడిగారు. ఇదే పని నేనూ చేసి ఒక టార్చ్‌ని తగలేసుకున్నాను కాబట్టి చెబుతున్నాను: సెల్ లోపల పట్టడం వేరు, ఆ టార్చ్ ఆ సెల్‌తో నడవడం వేరు.

ఆ అంకెల్లో మొదటి రెండూ మిల్లీమీటర్లలో మందం, తర్వాతి రెండూ పొడవు, చివరి సున్నా అంటే గుండ్రటి సెల్ అని. 14500 అంటే 14 మి.మీ. మందం, 50 మి.మీ. పొడవు, అంటే అచ్చం మామూలు పెన్సిల్ సెల్ (ఏఏ) సైజే. నేను బోల్తా పడింది ఇక్కడే. పెన్సిల్ సెల్ ఇచ్చేది 1.5 వోల్టులు. 14500 ఫుల్ చార్జ్‌లో ఇచ్చేది 4.2. ఒక్క పెన్సిల్ సెల్‌తో నడిచే నా టార్చ్‌లో దీన్ని వేశాను. వెలుగు చూసి మురిసిపోయాను కూడా. అర నిమిషంలో తల భాగం పట్టుకోలేనంత వేడెక్కింది, వెలుగు నీలంగా మారింది, ఆరిపోయింది. అంతే, మళ్లీ వెలగలేదు. దాని లోపలి సర్క్యూట్ 1.5ని పైకి పెంచి ఎల్ఈడీకి ఇవ్వడానికి చేసింది. అంతకంటే ఎక్కువ వస్తే ఆపే ఏర్పాటు అందులో లేదు.

అందుకే కొనే ముందు చూడాల్సింది ల్యూమెన్స్ (వెలుగు కొలత) కాదు, వివరాల్లో ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉండే వోల్టేజ్ పరిధి. 0.9 నుంచి 4.2 వరకు అని ఉంటే పెన్సిల్ సెల్, 14500 రెండూ వేసుకోవచ్చు. 0.9 నుంచి 1.6 లేదా 3 వరకే అని ఉంటే 14500 జోలికి పోవద్దు. ఇంకో మెలిక ఏమిటంటే, రెండు రకాలకూ పనిచేసే టార్చ్‌లు కొన్ని సెల్ బాగా దిగిపోయినా వెలుగుతూనే ఉంటాయి. లిథియం సెల్ 2.5 వోల్టుల కిందికి దిగితే పాడవుతుంది. కాబట్టి అలాంటి టార్చ్‌లో ప్రొటెక్షన్ సర్క్యూట్ (మరీ దిగిపోకముందే కరెంటు ఆపేసేది) ఉన్న సెల్ వాడటం మంచిది.

ఆ సర్క్యూట్ ఉన్న సెల్ రెండు మూడు మి.మీ. పొడవు ఎక్కువ ఉంటుంది. ఇది తెలియక ఇంకో టార్చ్‌లో వెనక మూతను బలవంతంగా తిప్పితే సెల్ పాజిటివ్ బొడిపె లోపలికి నొక్కుకుపోయింది. దాన్ని మళ్లీ చార్జింగ్ పెట్టే ధైర్యం చేయలేదు, పక్కన పెట్టేశాను. దీనికి ఎదురు ఇబ్బంది కూడా ఉంది. కొన్ని టార్చ్‌ల్లో సెల్ తిరగేసి పెట్టకుండా పాజిటివ్ చుట్టూ ప్లాస్టిక్ రింగ్ ఉంటుంది. బొడిపె లేని చదును సెల్ వేస్తే అది తగలదు, టార్చ్ వెలగదు. పాడైందనుకుని తిరిగి పంపేసేవాళ్లు ఉన్నారు!

16340 సైజులో సీఆర్123ఏ అనే చార్జ్ చేయకూడని 3 వోల్టుల సెల్ కూడా ఉంది. అలాంటివి రెండు వేసే టార్చ్ 6 వోల్టులకు చేసింది. మీ 16340లు రెండు వేస్తే 8.4 అవుతుంది. 9 వోల్టుల వరకు తట్టుకుంటుందని రాసి ఉంటే తప్ప వేయకండి. రాసి ఉన్నా, ఎప్పటివో తెలియని సెల్స్‌ని వరుసగా పెట్టడం నాకు నచ్చదు. ఒకటి ముందు ఖాళీ అయితే రెండోది దాన్ని ఇంకా లాగేస్తుంది, అది ప్రమాదం. ఒక్క 16340తో నడిచే చిన్న టార్చ్ చూసుకోండి. అయితే ఆ సెల్‌లో నిజంగా పట్టేది 600 నుంచి 800 ఎంఏహెచ్ వరకే. రేపర్ మీద 2000 పైన రాసి ఉంటే నమ్మకండి. ఇంత చిన్న సెల్ నుంచి టార్చ్ 2 ఆంపియర్లు లాగితే ఇరవై నిమిషాల్లో పని అయిపోతుంది. బాక్సు మీద వెయ్యి ల్యూమెన్స్ అని చూసి ఆశపడొద్దు.

ముగ్గురిలో మంచోడు 26650. దీనికి టార్చ్ కొంటే డబ్బు వృథా కాదు. ఆ సెల్ పోయినా ప్లాస్టిక్ గొట్టం తొడిగి ఎక్కడైనా దొరికే 18650ని అందులో వాడుకోవచ్చు, పొడవు రెండిటిదీ 65 మి.మీ. కాబట్టి. 21700 పొడవు 70 మి.మీ., అన్ని టార్చ్‌ల్లోనూ పట్టదు. తమ కంపెనీ సొంత సెల్ మాత్రమే పట్టే టార్చ్‌లు కొన్ని ఉన్నాయి, పాజిటివ్, నెగెటివ్ రెండూ ఒకే చివర ఉండేవి. అవి మీకు వద్దే వద్దు.

నన్నడిగితే టార్చ్ ఒక్క 26650కే కొంటాను, మిగతా రెండు రకాలకూ కొత్తగా ఖర్చు పెట్టను. అదీ సెల్స్ బతికున్నాయని తేలాకే. మల్టీమీటర్‌తో చూడండి, 2.5 కంటే తక్కువ చూపిస్తే చార్జింగ్ పెట్టకుండా బ్యాటరీ వ్యర్థాల సేకరణకు ఇచ్చేయండి. ఇంకొకటి, ఆ 26650 మీద 3.7 అని ఉందా, 3.2 అని ఉందా? 3.2 అయితే అది లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం, 3.65 వోల్టులు దాటి చార్జ్ చేయకూడదు, మామూలు 4.2 చార్జర్‌లో పెట్టకండి. అది చూసి ఇక్కడ రాస్తే టార్చ్ సంగతి అప్పుడు చెబుతాను.