గుర్రం కాలి పుండు: పవర్ ఉన్న ఇంజెక్షన్ కాదు, ముందు కండ కోయించండి

ప్రశ్న: మాది అల్లూరి సీతారామరాజు జిల్లా జి.మాడుగుల మండలం. సంతకు సరుకు మోయడానికి మూడు గుర్రాలున్నాయి. అందులో ఏడేళ్ల మగ గుర్రం ఏడు వారాల క్రితం కాఫీ తోట ముళ్ల కంచెలో ఇరుక్కుంది. వెనక ఎడమ కాలికి, గిట్ట పైన జానెడు ఎత్తులో ముందు వైపు చర్మం ఊడి వేలాడింది. ఊళ్లోకి వచ్చే ఒకాయన కుట్లు వేస్తే నాలుగో రోజుకే తెగిపోయాయి. మందుల షాపులో అడిగి రెండు రకాల యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు ఐదేసి రోజులు వేయించాం. తర్వాత వాపు తగ్గుతుందని డెక్సా (స్టెరాయిడ్ మందు) ఇచ్చారు. రోజూ హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో కడిగి మైలుతుత్తం పొడి చల్లుతున్నాం. పుండు మానకపోగా ఎర్రటి కండ చర్మం మీద అంగుళం ఎత్తు లేచింది. తగిలితే రక్తం కారుతోంది. వాసన లేదు, కుంటడం లేదు, మేత బాగానే తింటోంది. వెడల్పు నాలుగు వేళ్లు, పొడవు అరచేయంత ఉంటుంది. ఇన్‌ఫెక్షన్ లోపలికి పోయిందని షాపాయన అంటున్నాడు. ఇంకా పవర్ ఉన్న ఇంజెక్షన్ ఏది? నవంబరులో కాఫీ పళ్ల కోతకల్లా బరువు వేయవచ్చా?

జవాబు: పవర్ ఉన్న ఇంజెక్షన్ పేరు నేను రాయను. ఇన్‌ఫెక్షన్ లోపలికి పోయి ఉంటే గుర్రం కుంటేది, పుండు కంపు కొట్టేది, మేత తగ్గేది. ఆ మూడూ లేవని మీరే రాశారు. మీరు వర్ణించింది దుర్మాంసం. పుండును పూడ్చడానికి అడుగు నుంచి పుట్టే కొత్త కండ, ఆగాల్సిన చోట ఆగకుండా చర్మం మట్టం దాటి పెరిగిపోతుంది. గుర్రాలకు, అందులోనూ మోకాలికి కింది భాగంలో, ఇది చాలా మామూలు. ఆ కండ నిండా సన్నటి రక్తనాళాలే తప్ప నరాలు ఉండవు. అందుకే తగిలితే రక్తం ధారగా వస్తుంది గానీ గుర్రం కాలు లాక్కోదు. యాంటీబయాటిక్ దాన్ని ఒక్క మిల్లీమీటరు కూడా తగ్గించదు.

కొత్త చర్మం పుండు అంచుల నుంచి మధ్యకు పాకుతూ వస్తుంది. ఎదురుగా అంగుళం గట్టు ఉంటే ఎక్కలేక అక్కడే ఆగిపోతుంది. మీ గుర్రం విషయంలో జరిగింది ఇదే. దీనికి తోడు మైలుతుత్తం. అది పైకి లేచిన కండను కాల్చే మాట నిజమే, కానీ అంచున లేత గులాబీ రంగులో పుడుతున్న చర్మాన్ని కూడా కాలుస్తుంది. కండ వారంలో తిరిగి లేస్తుంది, చర్మం లేవదు. హైడ్రోజన్ పెరాక్సైడ్ బుసబుస పొంగితే క్రిములు చచ్చిపోతున్నాయని అందరూ సంతోషపడతారు. దాంతో పాటు పుండును మాన్చే కణాలు కూడా చస్తాయి. ఈ రెండూ ఈ రోజే ఆపేయండి. ఫినాయిల్, కిరోసిన్, సున్నం, బ్యాటరీ పొడి లాంటివి మీరు రాయలేదు కాబట్టి వాడలేదనే అనుకుంటున్నాను.

ఇక అసలు విషయం. మీరు ఇంత వివరంగా రాశారు గానీ ధనుర్వాతం టీకా గురించి ఒక్క మాట లేదు. తుప్పు పట్టిన ముళ్ల తీగ, పేడ, మట్టి, ఊడిన చర్మం ఉన్నాయి, టీకా లేదు! మనం పెంచే జంతువులన్నిట్లో ధనుర్వాతానికి తొందరగా లొంగేది గుర్రమే. సాధారణంగా గాయమైన వారం నుంచి మూడు వారాల్లోపు లక్షణాలు కనిపిస్తాయి, ఒక్కోసారి ఇంకా ఆలస్యం కావచ్చు. కంటి మూల నుంచి మూడో రెప్ప తెరలా ముందుకు వస్తుంది. చెవులు బిగుసుకుపోతాయి, తోక ఎత్తే ఉంటుంది, దవడ పట్టేసి మేత నమలలేదు, చిన్న చప్పుడుకే ఒళ్లంతా బిగుసుకుంటుంది. ఆ దశలో తీసుకొచ్చిన గుర్రాల్లో చాలావాటిని బతికించలేం. ఏడు వారాలు గడిచాయి కాబట్టి మీరు ఈసారికి బయటపడినట్టే. కానీ ఇప్పుడు కండ కోస్తే అది మళ్లీ కొత్త గాయమే.

షాపుల్లో జరిగే పొరపాటు ఒకటి చెప్పాలి. గాయమైన రోజు ఒక టీటీ వేసి "ఇక భయం లేదు" అని పంపేస్తారు. టీటీ అనేది శరీరానికి రక్షణ తయారు చేసుకోవడం నేర్పే టీకా. అంతకు ముందు ఎప్పుడూ వేయని గుర్రానికి ఒక్క డోసు వేస్తే ఆ గాయానికి అక్కరకు రాదు. వెంటనే పనిచేసేది ధనుర్వాత సీరం. టీకా లేని గుర్రానికి గాయమైనప్పుడు కనీసం 1,500 యూనిట్లు ఇవ్వాలి. దాని రక్షణ రెండు మూడు వారాలే ఉంటుంది. అందుకే సీరం ఒక పక్క, టీటీ మొదటి డోసు మెడకు రెండో పక్క, వేర్వేరు సిరంజిలతో అదే రోజు వేయాలి. టీటీ రెండో డోసు నాలుగు వారాలకు, ఆ తర్వాత ఏడాదికోసారి. సీరాన్ని మాత్రం అవసరం లేకుండా పదేపదే వేయించవద్దు. అరుదుగానైనా కొన్ని గుర్రాలకు వారాల తర్వాత కాలేయం దెబ్బతింటుంది. ఏటా టీకా పడుతున్న గుర్రానికి సీరం అవసరమే రాదు. మిగతా రెండు గుర్రాలకు కూడా డాక్టరు వచ్చిన రోజే మొదటి డోసు వేయించండి. కంచె వాటికీ అదే కదా.

ఇప్పుడు చేయాల్సింది. 1962కి ఫోన్ చేసి పశువైద్యుణ్ని రప్పించండి. గుర్రానికి మత్తు ఇచ్చి నిలబెట్టే ఈ కండను కోయవచ్చు. చర్మం మట్టానికి, లేదా దానికి కొద్దిగా కిందికి కోస్తారు. రక్తం కింది భాగాన్ని కప్పేయకుండా కింది నుంచి పైకి కోసుకుంటూ వెళ్తారు. అంచున ఉన్న లేత చర్మాన్ని ముట్టుకోరు. రక్తం చాలా కారుతుంది, చూసి కంగారు పడకండి, గట్టి కట్టుతో ఆగుతుంది. నరాలు లేవని రాశాను కదా అని ఇంట్లో బ్లేడుతో మొదలుపెట్టవద్దు. కాలి వెనక నరాలు, ముందు కండర తాళ్లు, లోతుగా వెళ్తే ఎముక ఉంటాయి. మత్తు లేని గుర్రం తన్నితే మీ మోకాలు పోతుంది. కోసిన కండలో చిన్న ముక్కను ఫార్మలిన్‌లో వేసి పరీక్షకు పంపమని అడగండి. కొన్ని చర్మపు గడ్డలు అచ్చం దుర్మాంసంలాగే ఉంటాయి. వాటిని కోసినకొద్దీ రెట్టింపు పెరుగుతాయి.

కోసిన తర్వాత మొదటి కట్టును 24 నుంచి 48 గంటల్లో డాక్టరే మారుస్తారు. ఆ తర్వాత మూడు రోజులకోసారి మీరు మార్చుకోవచ్చు. తడిసినా జారినా అంతకు ముందే మార్చాలి. లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో 9 గ్రాముల ఉప్పు, అంటే తల కొట్టిన ఒకటిన్నర టీ చెంచా, కలిపి గోరువెచ్చగా సిరంజితో (సూది లేకుండా) మెల్లగా పోస్తూ కడగండి. చీము కనిపిస్తే ఆ ఒక్కసారికి ఉప్పు నీళ్లకు బదులు పోవిడోన్ అయోడిన్ వాడవచ్చు. 5 శాతం మందు అయితే లీటరు నీటికి 20 మిల్లీలీటర్లు, 10 శాతం మందు అయితే 10 మిల్లీలీటర్లు. లేత టీ రంగు రావాలి. సీసాలోంచి నేరుగా పోయకండి, చిక్కగా ఉంటే ఎక్కువ పనిచేస్తుందనుకోవడం తప్పు. పైన అంటుకోని పారఫిన్ గాజ్, దాని మీద గిట్ట పైనుంచి మడమ కీలు కింద వరకు దూది చుట్టలు మందంగా, ఆపైన సాగే బ్యాండేజీ. దూది పలచగా పెట్టి బ్యాండేజీ బిగిస్తే వెనక తాళ్లు దెబ్బతింటాయి. పై అంచున ఒక వేలు దూరాలి.

కట్టు విప్పినప్పుడు కండ మళ్లీ మట్టం దాటుతున్నట్టు కనిపిస్తే, డాక్టరు సలహాతో స్టెరాయిడ్ కలిసిన ఆయింట్‌మెంట్‌ను పలచగా, మధ్యలో మాత్రమే, రెండు మూడు కట్లకు వాడవచ్చు. అంచులకు తగలనివ్వకండి. ఎక్కువ రోజులు వాడితే చర్మం పాకడం కూడా ఆగిపోతుంది. మళ్లీ ఒకటి రెండుసార్లు కోయాల్సి రావచ్చు, అది వైద్యం విఫలమైనట్టు కాదు. మీ వైపు తేనె దొరుకుతుంది కాబట్టి చాలామంది అడుగుతారు: గాయం తాజాగా ఉన్నప్పుడు శుద్ధి చేసిన తేనె మేలు చేస్తుంది. తుట్టె నుంచి పిండిన తేనెలో మట్టి, క్రిములు ఉండవచ్చు. మీ గుర్రానికి ఇప్పుడు దాని అవసరం లేదు.

ఈ కింది వాటిలో ఏది కనిపించినా నేను చెప్పింది పక్కన పెట్టి డాక్టరుకు చూపించండి. ఒకే చోట చిన్న రంధ్రం పడి చీము వస్తూనే ఉంటే లోపల ఎముక పెచ్చు చచ్చిపోయి ఉండవచ్చు, లేదా తీగ ముక్క మిగిలి ఉండవచ్చు. ఎక్స్‌రే తీయాలి, దగ్గరలో కుదరకపోతే గరివిడి పశువైద్య కళాశాలకు తీసుకెళ్లండి. గుర్రం పుండును కొరుక్కుంటూ రాసుకుంటూ ఉండి, కండలో పసుపు రంగు గట్టి రవ్వలు కనిపిస్తే, ఈగలు వదిలిన కడుపు పురుగు పిల్లలు కావచ్చు, నీళ్లలో ఎక్కువసేపు నిలబడే గుర్రాలకు పట్టే పైథియోసిస్ కావచ్చు. మొదటిదానికి ఐవర్‌మెక్టిన్ కిలో బరువుకు 0.2 మిల్లీగ్రాములు నోటి ద్వారా ఇవ్వాలి. 250 కిలోల గుర్రానికి 50 మిల్లీగ్రాములు. పశువులకు వేసే ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షన్ గుర్రానికి వద్దు. బరువు ఊహించకండి: ముందు కాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలతను సెంటీమీటర్లలో కొలిచి, ఆ అంకెను దాంతోనే గుణించి, భుజం ముందు నుంచి పిరుదు చివర వరకు ఉన్న పొడవుతో మళ్లీ గుణించి, 11,880తో భాగించండి. చుట్టుకొలత 150, పొడవు 135 ఉంటే దాదాపు 256 కిలోలు.

కాలి పొడవునా వరసగా గడ్డలు లేచి పగిలి జిగట చీము కారుతున్నా, ముక్కులోంచి చిక్కటి చీమిడి వస్తున్నా చేతులతో ముట్టుకోకండి. అది గ్లాండర్స్ కావచ్చు, మనుషులకూ సోకుతుంది. దానికి వైద్యం చేయించడం కాదు, వెంటనే పశుసంవర్ధక శాఖకు చెప్పాలి. నమూనాలను హర్యానాలోని హిసార్‌లో ఉన్న జాతీయ అశ్వ పరిశోధన కేంద్రానికి పంపి నిర్ధారిస్తారు.

షాపాయన గురించి. ఆవులు, కోళ్ల మందులు అమ్మే అలవాటుతో గుర్రానికి మందు చెప్పేవాళ్లను చూస్తే నాకు నిజంగా టెన్షన్. డెక్సా వాపును దాస్తుంది, పుండు మానడాన్ని వెనక్కి లాగుతుంది, గుర్రానికైతే గిట్ట లోపలి పొరలు వాచి శాశ్వతంగా కుంటిదయ్యే ప్రమాదం కూడా ఉంది. లింకోమైసిన్ ఇస్తే పేగులు పాడై గుర్రం చనిపోవచ్చు. ప్రొకెయిన్ పెన్సిలిన్ కండకే వేయాలి, రక్తనాళంలోకి వెళ్తే గుర్రం అక్కడికక్కడే పడిపోతుంది. డైక్లోఫెనాక్‌ను పశువులకు వాడడం 2006 నుంచి మన దేశంలో నిషేధం, అయినా మనుషుల సీసా తెచ్చి పొడుస్తున్నారు. పుండుకు బలం అని కోళ్ల దాణా పెట్టమంటే అసలు వినవద్దు. అందులో మొనెన్సిన్ అనే కోళ్ల మందు కలిసి ఉంటే గుర్రం గుండె ఆగిపోతుంది. బలానికి ఉడికించిన ఉలవలు రోజుకు కిలో, రెండు పూటలుగా, మంచి గడ్డితో చాలు.

బరువు మాట. గుర్రం కాలి కింది భాగంలో కొత్త చర్మం రోజుకు సుమారు 0.1 మిల్లీమీటరు పాకుతుంది, అంటే ఒక్కో అంచు నుంచి నెలకు 3 మిల్లీమీటర్లు. ఒంటి మీద పుండు చుట్టూ ఉన్న చర్మం లోపలికి ముడుచుకుని సగం పని చేసిపెడుతుంది. కాలి మీద అంత వదులు చర్మం ఉండదు, పైగా మొదటి రెండు వారాల్లో పుండు ఇంకా పెద్దదవుతుంది. పెద్ద గుర్రాల కంటే మీ కొండ గుర్రాల్లాంటి పొట్టివాటికి త్వరగా మానుతుందన్నది ఒక్కటే మీకు కలిసొచ్చేది. నాలుగు వేళ్ల వెడల్పుకు, కండ మట్టంగా ఉంచగలిగితే, ఎనిమిది నెలల నుంచి ఏడాది అనుకోండి. అంత ఆగలేమంటే, కండ శుభ్రంగా మట్టానికి వచ్చాక మెడ నుంచి చిన్న చిన్న చర్మం ముక్కలు తీసి పుండులో నాటించుకోవచ్చు. కళాశాలలో చేస్తారు, కొన్ని నెలలు కలిసొస్తాయి.

కాబట్టి నవంబరు కోతకు ఈ గుర్రం లేదు. మిగతా రెండింటితోనో, కిరాయి గుర్రంతోనో ఈ సీజను గడపండి. కోసిన తర్వాత మూడు వారాలు పొడి కొట్టంలో కట్టేయండి. ఆపైన రోజుకు పావుగంట చొప్పున చదునైన దారిలో చేత్తో పట్టుకుని నడిపించండి. వాగు దాటించవద్దు. పుండు పక్కన స్కేలు పెట్టి రెండు వారాలకోసారి ఒకే వైపు నుంచి ఫొటో తీసి ఉంచండి. ఆ ఫొటోలన్నీ ఫిబ్రవరిలో పంపితే, జీను ఎప్పుడు వేయాలో అప్పుడు చెబుతాను.