క్రాఫ్ట్ బీరైతే యూరిక్ యాసిడ్ పెరగదా?

ప్రశ్న: నా వయసు 44 ఏళ్లు. రెండేళ్ల క్రితం ఒక అర్ధరాత్రి కాలి బొటనవేలు ఎర్రగా వాచిపోయింది. దుప్పటి తగిలినా ఓర్చుకోలేనంత నొప్పి. పరీక్ష చేస్తే యూరిక్ యాసిడ్ 8.4 ఉంది, గౌట్ అన్నారు. అప్పటి నుంచి మాత్ర వాడుతున్నాను. బీపీకి కూడా ఒక మాత్ర వేసుకుంటాను. బీరు తగ్గించమంటే సీసా బీరు పూర్తిగా మానేశాను. ఈమధ్య మా ఇంటికి దగ్గర్లో క్రాఫ్ట్ బీర్ బార్ పెట్టారు. శనివారాలు స్నేహితులతో వెళ్లి రెండు గ్లాసులు, ఒక్కోసారి మూడు తాగుతున్నాను. అక్కడే తయారుచేస్తారు, వడకట్టరు, రసాయనాలు ఉండవు, ఈస్ట్ వల్ల విటమిన్లు కూడా వస్తాయని మావాళ్లు అంటున్నారు. పోయిన నెల మళ్లీ వేలు పట్టేసింది. దానికీ దీనికీ సంబంధం ఉందా? నల్ల బీరు మానేసి తెల్లది తాగితే సరిపోతుందా? ఆల్కహాల్ లేని బీరు తాగొచ్చా?
– ఒక పాఠకుడు

జవాబు: సంబంధం ఉంది. మీ స్నేహితులు మంచిదని చెప్పే ఆ 'వడకట్టకపోవడం' మీకు ఉపయోగపడేది కాదు, ఇంకాస్త ఇబ్బంది పెట్టేదే.

అక్కడికక్కడే తయారైన బీరు తాజాగా ఉంటుంది, రుచి బాగుంటుంది. అది కాదనను. రసాయనాలు లేకపోవడం మాత్రం దాని ఒక్కదాని గొప్ప కాదు. పెద్ద కంపెనీ సీసా బీరు కూడా ప్రధానంగా నీళ్లు, మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ, హాప్స్, ఈస్ట్‌తోనే తయారవుతుంది. బియ్యమో మొక్కజొన్నో కలిపితే కలపొచ్చు. ఎక్కువ రోజులు నిల్వ ఉండాలని దాన్ని వడకట్టి, వేడిచేస్తారు. క్రాఫ్ట్ బార్లలో చాలా రకాలకు ఆ పని చేయరు. గోధుమ బీరు గ్లాసును వెలుతురుకు ఎత్తి చూడండి, బియ్యం కడిగిన నీళ్లలా మసకగా ఉంటుంది. ఆ మసకలో గోధుమ ప్రొటీన్లతో పాటు ఈస్ట్ కణాలూ ఉంటాయి.

మీకు సంబంధించిన విషయం ఈ ఈస్ట్‌లోనే ఉంది. ఈస్ట్‌లో ప్యూరిన్లు అనే పదార్థాలు ఎక్కువ. మన కాలేయం ప్యూరిన్లను విరగ్గొట్టినప్పుడు చివరికి మిగిలేదే యూరిక్ యాసిడ్. బార్లీ నుంచి కూడా ప్యూరిన్లు వస్తాయి కాబట్టి వడకట్టిన బీరులోనూ అవి ఉంటాయి. పైగా బీరులో గ్వానోసిన్ అనే రకం ఎక్కువగా ఉంటుంది, అది పేగుల నుంచి తేలిగ్గా రక్తంలో కలుస్తుంది. దీనికి ఆల్కహాల్ తోడవుతుంది. ఆల్కహాల్‌ను అరిగించే క్రమంలో శరీరం తన సొంత ప్యూరిన్లను కూడా ఖర్చు చేసుకుంటుంది, యూరిక్ యాసిడ్ ఇంకొంచెం పెరుగుతుంది. అదే సమయంలో లాక్టిక్ యాసిడ్ ఎక్కువై, కిడ్నీలు యూరిక్ యాసిడ్‌ను బయటికి పంపకుండా అడ్డుపడుతుంది. రాబడి పెరిగింది, పోవాల్సిన దారి మూసుకుంది. మిగిలినది సన్నటి సూదుల్లాంటి స్ఫటికాలుగా మారి కీలులో చేరుతుంది. బొటనవేలు ఒంట్లో అన్నిటికన్నా చల్లగా ఉండే చోట్లలో ఒకటి, చల్లదనంలో ఆ స్ఫటికాలు త్వరగా కడతాయి. అందుకే నొప్పి ఎక్కువగా అక్కడే, అర్ధరాత్రి పూట మొదలవుతుంది.

ఇది నా ఊహ కాదు. 2004లో లాన్సెట్ వైద్య పత్రికలో ఒక పెద్ద అధ్యయనం వచ్చింది. 47 వేల మందికి పైగా మగవాళ్లను 12 ఏళ్ల పాటు గమనించారు. రోజూ తాగే ప్రతి బీరుకూ గౌట్ వచ్చే ముప్పు 49 శాతం పెరిగింది. విస్కీ, బ్రాందీ లాంటివాటికి అది 15 శాతం. ఇది చదివి 'అయితే విస్కీకి మారతాను' అనుకోకండి. ఆ లెక్క గౌట్ కొత్తగా వచ్చే ముప్పు గురించి. మీలా ఇప్పటికే వచ్చినవాళ్లకు ఏ మద్యమైనా నొప్పిని తిరగబెట్టగలదు.

విటమిన్ల సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. ఈస్ట్‌లో బి విటమిన్లు ఉన్న మాట నిజం. గ్లాసులో మీకు దొరికేది కొంచెం, మరోపక్క ఆల్కహాలే బి1 లాంటి విటమిన్లు ఒంటికి పట్టకుండా చేస్తుంది.

ఇక మీరు రాసిన 'రెండు గ్లాసులు, ఒక్కోసారి మూడు'. ఎంత తాగుతారు అని అడిగితే నా దగ్గరికి వచ్చేవాళ్లు దాదాపు అందరూ గ్లాసుల లెక్కే చెబుతారు. క్రాఫ్ట్ బార్‌లో ఆ లెక్క బొత్తిగా పనికిరాదు. గోడ మీది బోర్డులో సాధారణంగా ప్రతి బీరు పేరు పక్కన రెండు అంకెలు ఉంటాయి. ఏబీవీ అంటే వందలో ఆల్కహాల్ ఎంతో చెప్పేది. ఐబీయూ అంటే చేదు ఎంతో చెప్పేది. చాలామంది చేదు అంకె చూసి అదే కిక్కు అనుకుంటారు. మీరు చూడాల్సింది మొదటిదే. దాన్ని గ్లాసులో పట్టే మిల్లీలీటర్లతో హెచ్చించి, వందతో భాగించి, మళ్లీ 0.8తో హెచ్చిస్తే సుమారుగా ఎన్ని గ్రాముల ఆల్కహాలో తెలుస్తుంది. 5 శాతం బీరు 500 మిల్లీలీటర్లు తాగితే 20 గ్రాములు. 8 శాతం బీరు 330 మిల్లీలీటర్ల చిన్న గ్లాసులో తాగినా 21 గ్రాములు. గ్లాసు చిన్నదైంది కానీ మోతాదు తగ్గలేదు.

మీరు 6.5 శాతం ఉండే ఐపీఏ అనే చేదు రకం బీరు 500 మిల్లీలీటర్ల పెద్ద గ్లాసులు మూడు తాగారనుకోండి. అది దాదాపు 78 గ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక డ్రింకును 10 గ్రాములుగా లెక్కిస్తుంది. అంటే మీరు మూడు అనుకున్నది ఎనిమిదికి దగ్గర. కాలేయం గంటకు సుమారు 7 నుంచి 10 గ్రాములు మాత్రమే అరిగించగలదు. రాత్రి పదింటికి ఆపినా పొద్దున లేచేసరికి రక్తంలో కొంత మిగిలి ఉండొచ్చు. మీ బండి సంగతి మీరు అడగలేదు, నేనే చెబుతున్నాను: ఆ రాత్రే కాదు, మర్నాడు పొద్దున కూడా తాళం చెవి ముట్టుకోకండి.

నలుపు, తెలుపు అడిగారు. నల్ల రంగు మాడేదాకా వేయించిన బార్లీ నుంచి వస్తుంది. దానికీ ఆల్కహాల్‌కూ సంబంధం లేదు. చూడ్డానికి కాఫీ డికాక్షన్‌లా ఉండే, స్టౌట్ అనే కొన్ని నల్ల బీర్లలో 4 శాతం చిల్లరే ఉంటుంది. బంగారు రంగులో అమాయకంగా కనిపించే కొన్ని బెల్జియన్ రకాల్లో 8, 9 శాతం ఉంటుంది. గౌట్‌కైతే రంగు మార్చడం వల్ల ఒరిగేదేమీ లేదు.

ఆల్కహాల్ లేని బీరు మామూలు దానికన్నా కచ్చితంగా నయం. ప్యూరిన్లు మాత్రం అందులోనూ ఉంటాయి. ఎప్పుడైనా ఒక గ్లాసంటే అభ్యంతరం లేదు. మంచినీళ్లలా తాగేయడం కుదరదు. చాలామంది ఇంకో పొరపాటు చేస్తారు. బీరు మానేశానని కూల్‌డ్రింకో, తియ్యటి జ్యూసో తెప్పించుకుంటారు. వాటిలోని ఫ్రక్టోజ్ కూడా యూరిక్ యాసిడ్‌ను పెంచుతుంది. నిమ్మకాయ పిండిన ఉత్త సోడా మేలు.

మీ ఉత్తరంలో నన్ను ఆలోచనలో పడేసింది బీరు ఒక్కటే కాదు. రెండేళ్లుగా మాత్ర వాడుతున్నా మళ్లీ నొప్పి వచ్చిందంటే మోతాదు సరిపోవట్లేదేమో చూడాలి. యూరిక్ యాసిడ్ 6 కన్నా తక్కువకు రావాలి, అక్కడే నిలవాలి. 8.4 అన్నది రెండేళ్ల నాటి మాట, ఇప్పుడెంత ఉందో మీరు రాయలేదు. బీపీ మాత్ర పేరూ రాయలేదు. కొన్ని బీపీ మాత్రల్లో మూత్రం ఎక్కువ పోయేలా చేసే థయజైడ్ మందు కలిసి ఉంటుంది, అది యూరిక్ యాసిడ్‌ను పెంచుతుంది. లోసార్టాన్ లాంటిది కొంచెం తగ్గిస్తుంది. మీకు ఏది సరిపడుతుందో మీ డాక్టరే చెప్పాలి. అంతేగానీ ఇది చదివి మీరే మాత్ర ఆపేయకండి.

నొప్పి మాత్రల విషయంలో కూడా జాగ్రత్త. వేలు సలుపుతోందని డైక్లోఫెనాక్ లాంటిది వేసుకుని, ఆ సాయంత్రమే బీరుకు వెళితే కడుపులో పుండుపడి రక్తస్రావమయ్యే ప్రమాదం ఉంది. మీకు సంబంధం లేకపోయినా ఇది చదివే వేరేవాళ్ల కోసం ఇంకో మాట. లినెజోలిడ్ అనే యాంటీబయాటిక్ గానీ, డిప్రెషన్‌కు ఇచ్చే ఫెనెల్జిన్ లాంటి పాతకాలపు మందులు గానీ వాడుతున్నవాళ్లు ట్యాప్ నుంచి పట్టే బీరు అస్సలు తాగకూడదు. అందులో టైరమిన్ ఎక్కువగా ఉండవచ్చు, ఆ మందులతో కలిస్తే బీపీ ఒక్కసారిగా ప్రమాదకరంగా పెరుగుతుంది. సీసా బీరుకన్నా ట్యాప్ బీరుతోనే ఎక్కువ భయం.

మరి శనివారాల మాటేమిటి? యూరిక్ యాసిడ్ 6 లోపుకు వచ్చి, ఆరు నెలల పాటు నొప్పి లేకుండా గడిచేదాకా మద్యం వద్దు, ఏ రకమైనా సరే. బార్‌కు వెళ్లొద్దని అనను. స్నేహితులు ముఖ్యం, ఆ కబుర్లు మీ బీపీకి కూడా మంచివే. ఆ ఆరు నెలల తర్వాత కూడా తాగకపోతేనే మేలు. ఏ మోతాదూ పూర్తిగా సురక్షితం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో తేల్చి చెప్పింది. అయినా ఎప్పుడైనా తాగాలనుకుంటే, మీ డాక్టర్ సరేనంటే, 5 శాతం లోపు రకం ఒక చిన్న గ్లాసు, అదీ కడుపు నిండా తిన్నాక. దాహం వేస్తే ముందు నీళ్లు తాగండి. దాహంతో ఉన్నప్పుడు మొదటి గ్లాసు ఎలా ఖాళీ అవుతుందో తెలియదు. రుచి చూడటానికి నాలుగైదు చిన్న గ్లాసులు పలక మీద పేర్చి ఇస్తారు కదా, అవన్నీ కలిపితే ఒక పెద్ద గ్లాసు దాటొచ్చు. వాటిలో ఒకటి రెండు గట్టివి కూడా ఉండొచ్చు.

ఈలోగా ఎప్పుడైనా కీలు వాపుతో పాటు జ్వరం, వణుకు వస్తే అది గౌటే అనుకుని ఇంట్లో కూర్చోకండి. కీలులో ఇన్‌ఫెక్షన్ కూడా అచ్చం అలాగే ఉంటుంది, దానికి అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి. జ్వరం లేకపోతే కొత్తగా యూరిక్ యాసిడ్, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, కాలేయ పరీక్షలు చేయించి, ఆ రిపోర్టులూ మీరు వేసుకునే మాత్రల అట్టలూ పట్టుకుని మీ డాక్టర్‌ను కలవండి. వచ్చే శనివారం లోపే అయితే మంచిది.