ఐస్ డాన్సర్ కెరీర్‌లో సగం పార్ట్‌నర్‌దే

ప్రశ్న: మేం పారిస్‌లో ఉంటున్నాం. మా పాపకి 9 ఏళ్లు, ఐస్ డాన్స్ నేర్చుకుంటానని పట్టుబట్టింది. ఫ్రాన్స్‌లో పోటీల స్థాయి ఐస్ డాన్సర్ కెరీర్ ఎలా ఉంటుంది?

జవాబు: ఉద్యోగరీత్యా 2014 నుంచి నాలుగేళ్లు ఫ్రాన్స్‌లోనే లియోన్‌లో ఉన్నాం. మా అమ్మాయి అక్కడ మూడు సీజన్లు ఐస్ డాన్స్ చేసింది. చెప్పుకోదగ్గ పతకాలేవీ రాలేదు. శనివారాలు పొద్దున్నే రింక్ గట్టున మఫ్లర్ చుట్టుకుని కూర్చున్న తండ్రికి తెలిసినంత మటుకే రాస్తున్నాను.

ఐస్ డాన్స్ అంటే మంచు మీద స్కేట్లతో ఇద్దరు జోడీగా చేసే నాట్యం. టీవీలో అమ్మాయిని గాల్లోకి విసిరి పట్టుకుంటారే, అది ఐస్ డాన్స్ కాదు, పెయిర్ స్కేటింగ్. డాన్స్‌లో విసరడాలు ఉండవు, అబ్బాయి చేతులు పూర్తిగా చాచి తన తల పైన అమ్మాయిని ఎత్తి పట్టుకోకూడదు. ఇక్కడ చూసేది తాళం, అడుగులు, బ్లేడ్ అంచు మీద ఒంటి బరువు, ఇద్దరి మధ్యా ఎంత తక్కువ ఖాళీ ఉందన్నది. అందుకే డాన్స్ స్కేట్‌కి బ్లేడ్ వెనక భాగం పొట్టిగా ఉంటుంది. లేకపోతే ఒకరి మడమ ఇంకొకరి బ్లేడ్‌కి తగులుతుంది. (వీడియో కాల్‌లో మా అమ్మ ఇది చూసి, "కాళ్లకి కత్తులు కట్టుకుని అంత దగ్గరగానా!" అని గుండెలు బాదుకుంది.)

ఇంతకీ మీకు ఎవరూ ముందుగా చెప్పని సంగతి పార్ట్‌నర్. బాడ్మింటన్‌లో మన అమలాపురం సాత్విక్‌కి రేపు చిరాగ్ లేకపోయినా ఇంకొకరితో దిగొచ్చు. ఇక్కడ అలా కుదరదు. ఎత్తు, కాలు సాచే కొలత, మోకాలు వంచే తీరు, అన్నీ కలవాలి, కలవడానికి ఏళ్లు పడుతుంది.

ఐస్ డాన్సర్ మరీనా అనిసినా కథ చూడండి. పుట్టింది మాస్కోలో. తల్లి పెయిర్ స్కేటర్, తండ్రి ఐస్ హాకీ ఆటగాడు. ఇల్యా అవెర్బుఖ్‌తో కలిసి 1990లో, 1992లో ప్రపంచ జూనియర్ టైటిల్ గెలిచింది. ఆ తర్వాత అతను ఇరీనా లొబాచెవాతో జట్టు కట్టి వెళ్లిపోయాడు. పదిహేడు నిండీ నిండని పిల్ల, రెండు టైటిళ్లున్నాయి, చెయ్యి పట్టుకునేవాడు లేడు. పోటీల వీడియోలు ముందేసుకుని తనకు సరిపోయేవాణ్ణి వెతికింది. లియోన్ కుర్రాడు గ్వెందాల్ పెజెరా నచ్చాడు. అతనికి ఉత్తరం రాసింది! అతని పార్ట్‌నర్ కూడా స్కేటింగ్ మానేశాక అటునుంచి జవాబు వచ్చింది. 1993లో భాష రాని దేశానికి వచ్చేసింది.

లియోన్‌లో కోచ్ మురియెల్ బుషే-జజూయి దగ్గర ఇద్దరూ ఒక దారికొచ్చారు. 1998 నగానో ఒలింపిక్స్‌లో కాంస్యం, 2000లో నీస్‌లో ప్రపంచ టైటిల్. వాళ్ల గుర్తు ఏంటంటే, అబ్బాయి అమ్మాయిని ఎత్తడం కాదు, అనిసినాయే పెజెరాని ఎత్తి తిప్పేది. 2002 సాల్ట్ లేక్ సిటీలో స్వర్ణం గెలిచారు. ఫిగర్ స్కేటింగ్‌లో ఫ్రాన్స్‌కి 1932 తర్వాత మళ్లీ అప్పుడే ఒలింపిక్ స్వర్ణం. ఆ రోజు రజతం మెట్టు మీద నిలబడింది ఎవరనుకున్నారు? లొబాచెవా, అవెర్బుఖ్. ఈ ముక్క లియోన్‌లో ఒక కోచ్ చెప్పగా విన్నాను, చెప్పేటప్పుడు ఆవిడ మొహంలో నవ్వు దాచుకోలేదు.

మా ఇంట్లో సంగతి ఇంత గొప్పగా జరగలేదు. మా క్లబ్‌లో డాన్స్ గ్రూపులో అమ్మాయిలు పదకొండు మంది, అబ్బాయిలు ఇద్దరు. ఎత్తు కుదిరిందని ఒక బాబుని మా అమ్మాయికి జత చేశారు. సీజన్ మొత్తం కష్టపడి ఒక వాల్ట్జ్ (జంటగా తిరుగుతూ చేసే నాట్యం) పూర్తిగా వచ్చేలా చేశారు. వేసవి సెలవుల తర్వాత ఆ బాబు హాకీలో చేరిపోయాడు. తప్పెవరిదీ కాదు, క్లబ్ వాళ్లు మాత్రం ఆ విషయం మాకు మూడు వారాలు చెప్పలేదు. ఆ మూడు వారాలూ మా అమ్మాయి అదే వాల్ట్జ్ ఒక్కతే చేసింది. ఎడమ చేతిని అక్కడ లేని అతని భుజం మీద ఆనించినట్టు గాల్లో పెట్టి, మలుపు దగ్గర అతనికి చోటిచ్చి పక్కకి జరిగి మరీ. గట్టు మీద నుంచి అది చూడటం నా వల్ల కాలేదు, కాఫీ వంకతో బయటికి వెళ్లిపోయేవాణ్ణి.

పార్ట్‌నర్ చిన్నప్పుడే దొరికితే ఎలా ఉంటుందో ఫ్రెంచ్ జోడీ గాబ్రియెలా పాపడాకిస్, గియోమ్ సిజెరోన్ చూపించారు. క్లెర్మోన్-ఫెరాన్‌లో పాపడాకిస్ వాళ్లమ్మే కోచ్. పదేళ్లు కూడా దాటకముందే ఇద్దరినీ కలిపింది. తర్వాత లియోన్, 2014లో కోచ్ వెంట మాంట్రియల్. ఆ ఏడు ప్రపంచ పోటీల్లో 13వ స్థానం, మరుసటి ఏడు ఏకంగా స్వర్ణం. 2018 ప్యాంగ్‌చాంగ్ ఒలింపిక్స్‌లో షార్ట్ డాన్స్ (పోటీలో మొదటి భాగం) మొదలైన కాసేపటికే పాపడాకిస్ మెడ దగ్గర గౌను హుక్కు ఊడింది. జారకుండా చూసుకుంటూనే ఆట పూర్తి చేసింది. చివరికి స్వర్ణం 0.79 పాయింట్లతో పోయింది. నాలుగేళ్లు ఆగి బీజింగ్‌లో 226.98 పాయింట్లతో గెలిచారు. 2024 డిసెంబరులో, 29 ఏళ్లకి, ఆమె ఆట నుంచి తప్పుకున్నట్టు చెప్పింది. 2025లో సిజెరోన్ ఇంతకుముందు కెనడా తరఫున ఆడిన లోరాన్స్ ఫుర్నియే బోద్రీతో మళ్లీ మంచు మీదికొచ్చాడు.

కాబట్టి ముప్పై దగ్గర పడేసరికి చాలామందికి పోటీలు అయిపోతాయి. ఆ తర్వాత షోలు, కోచింగ్, కొరియోగ్రఫీ. చదువు మాత్రం మాన్పించకండి. పెజెరా ఆడుతూనే చదువుకున్నాడు, తర్వాత లియోన్ ఉన్న రోన్-ఆల్ప్ ప్రాంతీయ మండలికి ఎన్నికై క్రీడల బాధ్యత కూడా చూశాడు. ఇంకోటి, పాప బాగా ఎదిగితే మీరు ఊరు మారాల్సి రావచ్చు. పౌరసత్వం సంగతి కూడా ఉంది: ప్రపంచ పోటీలకి జోడీలో ఒకరికి ఆడే దేశ పౌరసత్వం ఉంటే చాలు, ఒలింపిక్స్‌కి ఇద్దరికీ కావాలి. మీ పాసుపోర్టుల సంగతి అప్పుడు చూసుకోవచ్చు.

ఇప్పటికైతే మొదటి ఏడాది స్కేట్స్ కొనకండి, అద్దెవి చాలు, పిల్లల పాదాలు ఊరుకోవు. క్లబ్‌కి వెళ్లినప్పుడు ఫీజు కంటే ముందు అడగండి: మీ దగ్గర అబ్బాయిలు ఎంతమంది, జోడీ విడిపోతే మాకు ఎప్పుడు చెప్తారు, సోలో డాన్స్ (జోడీ లేకుండా ఒక్కరే చేసేది) పోటీలకి పంపుతారా అని. మా అమ్మాయి ఆఖరి సీజన్ సోలోనే ఆడింది. ఆ వాల్ట్జ్ మాత్రం మళ్లీ చెయ్యనంది.