టైటిల్ కార్డులో పేరు, అవార్డులో పేరు: తెర రచనపై మీ ప్రశ్నలు

ప్రశ్న: అమెరికాలో టీవీ సినిమాలు, లిమిటెడ్ సిరీస్‌లు (ఒకే సీజన్‌లో కథ ముగిసేవి) రాసే నల్లజాతి రచయితలకు విడిగా అవార్డులున్నాయని చదివాను. టీవీకి ఎమ్మీ అవార్డులు ఉండగా మళ్లీ ఇవెందుకు?
– ఒక పాఠకుడు, చిక్కడపల్లి

జవాబు: మీరు చదివినవి బహుశా రెండింటి గురించి అయ్యుంటుంది. ఒకటి, 1909లో పుట్టిన పౌరహక్కుల సంస్థ ఎన్‌ఏఏసీపీ 1967 నుంచి ఇస్తున్న ఇమేజ్ అవార్డులు. వీటిలో సినిమా, టీవీతో పాటు సంగీతం, సాహిత్యం కూడా ఉంటాయి. రెండోది, 2000లో మొదలైన బ్లాక్ రీల్ అవార్డులు. ఇవి తెర మీద, తెర వెనక నల్లజాతి కళాకారుల పని కోసమే పుట్టాయి. మొదట్లో సినిమాలతో కలిపే టీవీ సినిమాలనూ చూసేవారు, 2017 నుంచి టీవీకి వేరే అవార్డులు పెట్టారు. టీవీ సినిమా, లిమిటెడ్ సిరీస్ రచనకు అందులో ప్రత్యేక విభాగం ఉంది.

ఎందుకంటారా? 1977 జనవరిలో ఏబీసీ ఛానెల్ వరుసగా ఎనిమిది రాత్రులు వేసిన ‘రూట్స్’ సంగతి చూడండి. అలెక్స్ హేలీ పుస్తకం ఆధారంగా తీసిన బానిసల కథ అది. 37 ఎమ్మీ నామినేషన్లు, 9 అవార్డులు. రచనకు వచ్చిన ఎమ్మీ మాత్రం రెండో భాగం రాసిన ఎర్నెస్ట్ కినోయ్, విలియం బ్లిన్‌లకు దక్కింది. ఇద్దరూ తెల్లవాళ్లే. వాళ్లు బాగా రాయలేదని కాదు. కథ ఒకరిదైతే, స్క్రిప్టు రాసే కుర్చీ మరొకరిదయింది. 2000లో ‘ది కార్నర్’కు డేవిడ్ సైమన్‌తో కలిసి నల్లజాతి రచయిత డేవిడ్ మిల్స్, 2020లో ‘వాచ్‌మెన్’లో ఒక ఎపిసోడ్‌కు డేమన్ లిండెలాఫ్‌తో కలిసి మరో నల్లజాతి రచయిత కార్డ్ జెఫర్సన్ ఎమ్మీ అందుకున్నారు. ఈ విభాగంలో ఒక నల్లజాతి మహిళ గెలవడానికి 2021 దాకా ఆగాల్సి వచ్చింది. ఆమె ‘ఐ మే డిస్ట్రాయ్ యూ’ రాసిన మికేలా కోల్.

ప్రశ్న: ఆరు ఎపిసోడ్ల కథ రాస్తున్నాను. అది లిమిటెడ్ సిరీస్ అవుతుందా, మామూలు సిరీసా?
– రచన నేర్చుకుంటున్న విద్యార్థిని, కూకట్‌పల్లి

జవాబు: ఎపిసోడ్ల లెక్కతో అది తేలదు. కథ అక్కడితో ముగిసిందా లేదా అన్నదే అసలు పరీక్ష. ఎమ్మీ నిబంధన ప్రకారం కనీసం రెండు ఎపిసోడ్లు, మొత్తం నిడివి కనీసం 150 నిమిషాలు ఉండాలి. కథ, ప్రధాన పాత్రలు మరో సీజన్‌కు సాగకూడదు. టీవీ సినిమాకు కనీస నిడివి 75 నిమిషాలు. ఎమ్మీల ఏడాది జూన్ 1న మొదలై మే 31న ముగుస్తుంది.

చిక్కు ఎక్కడ వస్తుందంటే, సిరీస్ హిట్టయ్యాక. 2024లో ‘షోగన్’కు తర్వాతి సీజన్లు వస్తాయనగానే దాన్ని లిమిటెడ్ విభాగం నుంచి డ్రామా విభాగానికి మార్చారు. గోడ మీద పిల్లిలా మిగిలిపోయేవీ ఉన్నాయి. స్టీవ్ మెక్వీన్ ‘స్మాల్ యాక్స్’ (2020) లండన్‌లోని వెస్టిండియన్ కుటుంబాలపై తీసిన ఐదు సినిమాల వరుస. బీబీసీలో వచ్చింది కాబట్టి టీవీ. అయినా లాస్ ఏంజెలెస్ విమర్శకుల సంఘం ఆ ఏడాది ఉత్తమ సినిమాగా దాన్నే ఎంచుకుంది.

మీ ఆరో ఎపిసోడ్ చివర కొత్త శత్రువు ప్రవేశించి ఫోను మోగితే అది లిమిటెడ్ సిరీస్ కాదు. ఆ సీను తీసేసినా కథ నిలబడుతుందేమో చూసుకోండి. నిలబడితే తీసేయండి.

ప్రశ్న: ఇంగ్లిష్ సిరీస్‌లలో ఇద్దరు రచయితల పేర్ల మధ్య ఒక్కోసారి & గుర్తు, ఒక్కోసారి ‘అండ్’ అన్న మాట వేస్తారు. తేడా ఏమైనా ఉందా? అవార్డు ఎవరికి వెళ్తుంది?
– అసిస్టెంట్ డైరెక్టర్, యూసఫ్‌గూడ

జవాబు: చాలా తేడా ఉంది. అమెరికా రచయితల సంఘం డబ్ల్యూజీఏ పద్ధతిలో & గుర్తు ఉంటే ఆ ఇద్దరూ జట్టుగా కూర్చుని రాశారని. ‘అండ్’ అన్న మాట ఉంటే ఒకరు రాశాక వేరొకరు విడిగా రాశారని. ఒకే కార్డులో రెండూ కనిపిస్తే ఒక జట్టు, ఇంకొక రచయిత అన్నమాట.

పేర్లు ఖరారయ్యే తీరు మనవాళ్లూ తెలుసుకోవాల్సిందే. షూటింగ్ అయ్యాక నిర్మాణ సంస్థ ఎవరి పేరు ఎలా వేయాలనుకుంటోందో ఒక నోటీసు తయారు చేస్తుంది. ఆ స్క్రిప్టు మీద పనిచేసిన ప్రతి రచయితకూ దాన్ని పంపుతుంది. ఎవరైనా ఒప్పుకోకపోతే ముగ్గురు రచయితలు మధ్యవర్తులుగా కూర్చుంటారు. వాళ్ల ముందుకు అన్ని డ్రాఫ్టులూ వస్తాయి, రచయితల పేర్లు మాత్రం రావు. రచయిత ఎ, రచయిత బి అని ఉంటుంది. ఎవరు ఎంత పెద్దవాళ్లన్నది చూడరు, కాగితం మీద ఏముందో అదే చూస్తారు. అందుకే తేదీ లేని డ్రాఫ్టు ఉన్నా లేనట్టే.

అవార్డు ఈ కార్డును అనుసరించే వెళ్తుంది. లిమిటెడ్ సిరీస్ రచనకు ఎమ్మీలో చాలాసార్లు సిరీస్ మొత్తాన్ని కాక ఒక్క ఎపిసోడ్‌నే పోటీకి పెడతారు. 2019లో ‘వెన్ దే సీ అస్’ నుంచి నామినేషన్ వచ్చింది నాలుగో భాగానికి. పేర్లు అవా డువెర్నే, మైఖేల్ స్టార్‌బరీ. (ఆ ఏడాది గెలిచింది ‘చెర్నోబిల్’ రాసిన క్రెయిగ్ మేజిన్.) నాలుగు భాగాల ఆ సిరీస్‌లో మిగతా భాగాలకు పనిచేసిన రచయితల పేర్లు ఆ నామినేషన్‌లో లేవు. రచయితలంతా కలిసి కూర్చునే రైటర్స్ రూమ్‌లో పదిమంది బుర్రలు బద్దలు కొట్టుకున్నా, ఆ ఎపిసోడ్ స్క్రిప్టు ఎవరికి అప్పజెప్పారో వాళ్ల పేరే కార్డు మీదికి వస్తుంది.

మన టైటిల్స్‌లో కథ, మాటలు, స్క్రీన్‌ప్లే విడివిడిగా వేసే అలవాటు నిజానికి మంచిదే. చెడేది ఎక్కడంటే, ‘కథా సహకారం’, ‘రచనా సహకారం’ అనే కార్డులో. సగం సీన్లు రాసినవాడూ, రెండు పంచ్‌లు ఇచ్చినవాడూ అందులో పక్కపక్కనే ఉంటారు. ఆ కార్డుకు ఏ అవార్డుల విభాగమూ లేదు. ఒప్పందం మీద సంతకం పెట్టకముందే మీ పేరు ఏ కార్డులో పడుతుందో అడగండి.

ప్రశ్న: కథ చెప్పడానికి నిర్మాతల ఆఫీసులకు వెళ్తుంటాను. తర్వాత మావాడే రాసుకున్నాడంటే ఏం చేయాలి? రిజిస్ట్రేషన్ సరిపోతుందా?
– ఒక రచయిత, మల్కాజిగిరి

జవాబు: ముందు ఒక చేదు నిజం. ఆలోచనకు కాపీరైట్ లేదు. 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు ఈ మాటే చెప్పింది: ఇతివృత్తం ఎవరైనా వాడుకోవచ్చు, దాన్ని మీరు రాసిన తీరుకే రక్షణ. కాబట్టి నోటితో చెప్పిన లైన్‌కు, వాట్సాప్‌లో పంపిన నాలుగు వాక్యాలకు బలం తక్కువ. సీన్ల వరుసతో కనీసం 15, 20 పేజీల ట్రీట్‌మెంట్ (కథను విడమర్చి రాసిన ప్రతి) చేతిలో ఉంచుకుని వెళ్లండి.

కాపీరైట్ రాయగానే వస్తుంది, రిజిస్ట్రేషన్ దానికి సాక్ష్యం. ఢిల్లీలోని కాపీరైట్ ఆఫీసుకు ఆన్‌లైన్‌లో ఫారం 14 నింపి, సాహిత్య రచన కింద పెట్టండి. ఒక్కో రచనకు రుసుము 500 రూపాయలు. పొరపాటున సినిమా కింద పెడితే 5,000 అవుతుంది, పైగా అది మీకు కావలసినది కాదు. డైరీ నంబరు (దరఖాస్తు నంబరు) వచ్చాక అభ్యంతరాల కోసం 30 రోజులు ఆగుతారు, ఆ తర్వాతే పరిశీలన. దరఖాస్తులు ఆగిపోయేది ఎక్కువగా చిన్న విషయాల దగ్గరే: స్క్రిప్టు మొదటి పేజీలో కలం పేరు, ఫారంలో అసలు పేరు, ఇద్దరు రాస్తే ఒకరి అంగీకార పత్రమే జతచేయడం. ముంబై స్క్రీన్‌రైటర్స్ అసోసియేషన్‌లో సభ్యత్వం ఉంటే అక్కడా ఆన్‌లైన్‌లో నమోదు చేసుకోవచ్చు, అది ఇంకా త్వరగా అవుతుంది.

కథ చెప్పిన సాయంత్రమే ‘ఈరోజు మీకు వినిపించిన ఫలానా కథ ట్రీట్‌మెంట్ జతచేస్తున్నాను’ అని ఈమెయిల్ పెట్టండి. జవాబు రాకపోయినా ఫర్వాలేదు, తేదీ ఉంటుంది.

ఇక ఒప్పందం. 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 19 ఒక్కసారి చదవండి, మూడు పేజీలు కూడా ఉండదు. హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. ఎన్నేళ్లకో రాయకపోతే ఐదేళ్లకే. ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశానికే. తీసుకున్న హక్కును ఏడాదిలోగా వాడకపోతే అది మీకే తిరిగొస్తుంది. ఇదంతా ఒప్పందంలో వేరేగా రాయనప్పుడే. నిర్మాణ సంస్థల లాయర్లు దాన్ని వేరేగానే రాస్తారు, ‘విశ్వమంతటా, శాశ్వతంగా’ అని. మీరు అక్కడ బేరమాడాలి: ఎన్ని డ్రాఫ్టులు, ఏ డ్రాఫ్టుకు ఎంత, సినిమా ఆగితే కథ ఎప్పుడు వెనక్కి వస్తుంది, వేరే రచయిత చేరితే మీ పేరు ఏమవుతుంది. 2012 సవరణ తర్వాత సెక్షన్ 18 ప్రకారం, థియేటర్ ప్రదర్శన కాని వాడకంలో రాయల్టీ సమాన వాటాను రచయిత వదులుకోవడం చెల్లదు. అయినా వదులుకున్నట్టు రాసిన ఒప్పందాలు చేతిలో పెడుతూనే ఉంటారు.

మికేలా కోల్ విషయంలో పత్రికల్లో వచ్చింది ఇదే: ‘ఐ మే డిస్ట్రాయ్ యూ’కు నెట్‌ఫ్లిక్స్ ఇస్తానన్న 10 లక్షల డాలర్లను, కాపీరైట్‌లో చిన్న వాటా కూడా మిగలదని తెలిసి కాదనుకున్నారు. తర్వాత బీబీసీకి వెళ్లారు. మనలో ఎక్కువమందికి ఆ స్తోమత ఉండదు, నిజమే. కానీ అడగడానికి ఖర్చేమీ లేదు.

ప్రశ్న: మా తెలుగు మినీ సిరీస్‌ను బ్లాక్ రీల్‌కు పంపొచ్చా?
– ఒక దర్శకుడు, మణికొండ

జవాబు: అది మీకోసం పెట్టినది కాదండీ. అంతర్జాతీయ ఎమ్మీల్లో టీవీ సినిమా, మినీ సిరీస్ విభాగం ఉంది, ఏ భాషైనా పంపొచ్చు. ‘ఢిల్లీ క్రైమ్’ 2020లో అక్కడే డ్రామా సిరీస్ అవార్డు గెలిచింది. అయితే ఈ విభాగంలో అవార్డు కార్యక్రమానికే, రచయితకు వేరుగా కాదు. రచనకు గుర్తింపు కావాలంటే ఇంటి దగ్గరే చూడొచ్చు. 2025 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం ఇచ్చిన గద్దర్ అవార్డుల్లో కథకు, స్క్రీన్‌ప్లేకు వేర్వేరు బహుమతులున్నాయి, కాకపోతే అవి సినిమాలకు.

బయటికి పంపేటప్పుడు ఇంగ్లిష్ సబ్‌టైటిళ్లను ఎడిటింగ్ రూమ్‌కు వదిలేయకండి. న్యాయనిర్ణేత చదివే మీ రచన అదే. వరుసకు 42 అక్షరాలు మించకుండా, ఒకసారికి రెండు వరుసలే. పాత్ర తెలంగాణ యాసలో మాట్లాడుతుంటే ఇంగ్లిష్‌లో దానికి ఏదో పల్లెటూరి యాస తగిలించొద్దు. మనిషి తెలివి తక్కువవాడిలా వినిపిస్తాడు. వాక్యాలు పొట్టిగా, సూటిగా ఉంచి, ‘అన్నా’, ‘అక్కా’, ‘బిడ్డా’ లాంటి పిలుపులను అలాగే వదలండి.